ఇంట్లో తూటాల రీలోడింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పేలిన తూటా ఇత్తడి కేసును (ఖాళీ గొట్టాన్ని) శుభ్రం చేసి, కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న మూత), తుపాకీమందు, బుల్లెట్ (తుపాకీలోంచి దూసుకుపోయే ముక్క) పెట్టి మళ్లీ వాడుకోవడమే రీలోడింగ్. అమెరికాలో షూటింగ్ రేంజ్‌లకు వెళ్లే మన పాఠకులు దీనిమీద చాలా ప్రశ్నలు పంపారు. ముందుగా ఒక మాట. ఫలానా తూటాకు ఎన్ని గ్రెయిన్ల (తూకపు కొలత) మందు వెయ్యాలో ఇక్కడ చెప్పడం లేదు. ఆ అంకె మందు రకం, బుల్లెట్ బరువు, ఆకారం, కేసు, ప్రైమర్ అన్నిటినీ బట్టి మారుతుంది. మందు కంపెనీ ప్రస్తుతం ఇస్తున్న పట్టికలోనో, తాజా రీలోడింగ్ మాన్యువల్‌లోనో చూసి, అందులో ఇచ్చిన ప్రారంభ మోతాదుతోనే మొదలుపెట్టాలి. స్నేహితుడు చెప్పాడనో, ఎక్కడో చదివామనో వెయ్యకూడదు.

హెచ్-1బీ మీద ఉన్నాను. ఆఫీసు మిత్రుడితో కలిసి వాళ్ల గ్యారేజీలో రీలోడింగ్ నేర్చుకోవచ్చా? (డాలస్)

ఇప్పుడున్న పరిస్థితిలో వద్దండీ. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలోకి వచ్చినవాళ్లు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం (టైటిల్ 18, సెక్షన్ 922) చెబుతోంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 అన్నీ దీని కిందికే వస్తాయి. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా, మిత్రుడి తూటాలు చేతిలోకి తీసుకున్నా లెక్కలోకే వస్తుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనవాళ్లలో ఎక్కువమందికి అందుబాటులో ఉండేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. దరఖాస్తు పెండింగ్‌లో ఉంది కాబట్టి ఫర్వాలేదని మాత్రం అనుకోకండి. ఇది ఉద్యోగంతో పాటు ఇమిగ్రేషన్‌కూ ముప్పు తెచ్చే విషయం. లాయరును అడిగాకే అడుగు వెయ్యండి. రాష్ట్ర చట్టాలు వేరేగా ఉంటాయి, అవీ చూసుకోవాలి.

గ్రీన్ కార్డు వచ్చింది. .38 స్పెషల్ రివాల్వర్ ఉంది. ఏ ప్రెస్ (రీలోడింగ్ యంత్రం) కొనాలి? ప్రోగ్రెసివ్ అయితే గంటకు వందల తూటాలు వస్తాయంటున్నారు. (అట్లాంటా)

సింగిల్ స్టేజ్ ప్రెస్ కొనండి. లీవర్ ఒకసారి దించితే ఒక్క పనే జరుగుతుంది. నేర్చుకునేవాళ్లకు కావలసింది అదే. ప్రోగ్రెసివ్‌లో నాలుగైదు పనులు ఒకేసారి సాగుతాయి. ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకునే కన్ను మీకు ఇంకా ఏర్పడలేదు. ప్రెస్‌తో పాటు .38కి సరిపడే కార్బైడ్ డై (కేసును నొక్కి సరిచేసే అచ్చు) సెట్, కేసును పట్టి ఉంచే షెల్ హోల్డర్, 0.1 గ్రెయిన్ చూపించే త్రాసు, అది సరిగ్గా ఉందో చూసే చెక్ వెయిట్లు, పొడవు, వ్యాసం కొలిచే కాలిపర్, కేసులు పెట్టుకునే 50 గుంటల లోడింగ్ బ్లాక్, గరాటు, మంచి లైటు, కళ్లద్దాలు కావాలి. అన్నిటికంటే ముందు మాన్యువల్ కొని పూర్తిగా చదవండి.

పని వరుస ఇదీ. కేసులు శుభ్రం చేసి ఒక్కొక్కటీ లైటు కింద తిప్పి చూడండి. మూతి దగ్గర సన్నటి పగులున్నా పక్కన పడెయ్యాలి. లోపలికి చూస్తే మధ్యలో ఒక్క రంధ్రం కనబడాలి. రెండు చిన్న రంధ్రాలుంటే అది బెర్డాన్ రకం. దాన్ని డైలో పెడితే పాత ప్రైమర్‌ను తోసే పిన్ను విరుగుతుంది. మొదటి డై పాత ప్రైమర్‌ను తోసేసి, ఉబ్బిన కేసును పాత కొలతకు నొక్కుతుంది. కార్బైడ్ డైకి .38 లాంటి తిన్నటి కేసులు నూనె లేకుండానే వెళతాయి. రెండో డై మూతిని కాస్త విప్పారుస్తుంది. బుల్లెట్ అడుగు కుదురుగా కూర్చునేంత చాలు. ఎక్కువ విప్పితే ఆ కేసు ఎక్కువ రోజులు బతకదు, మూతి చీలుతుంది. తరువాత ప్రైమర్, మందు, బుల్లెట్, చివర బుల్లెట్ గాడిలోకి మూతి అంచు మడిచే రోల్ క్రింప్. రివాల్వర్ సిలిండర్‌లో పక్క గదుల్లో (తూటా కూర్చునే ఛాంబర్లలో) ఉన్న తూటాలు ప్రతి కుదుపుకీ కదులుతాయి. క్రింప్ లేకపోతే బుల్లెట్ ముందుకు జరిగి సిలిండర్ తిరగకుండా ఇరుక్కుంటుంది.

ప్రైమర్ పెట్టిన కేసులన్నీ బ్లాక్‌లో మూతి కిందికి ఉండేలా బోర్లించండి. ఒక కేసు తీసి మందు పోశాక మాత్రమే దాన్ని మూతి పైకి పెట్టి నిలపండి. బోర్లించి ఉన్నదంటే ఖాళీ, నిలబడి ఉన్నదంటే నిండినది. ఫోన్ మోగినా, పిల్లలు పిలిచినా, తిరిగొచ్చాక అనుమానం ఉండదు. 50 నిండాక బ్లాక్‌ను లైటు కింద పెట్టి అన్ని కేసుల్లోకీ చూడాలి. మందు మట్టం అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఈ చూపు అయ్యేదాకా ఒక్క బుల్లెట్ కూడా పెట్టవద్దు.

.38 విషయంలో దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ కేసు 1898లో ఆనాటి నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కోసం పుట్టింది. ఆ మందుకు చాలా చోటు కావాలి. ఇప్పటి వేగంగా కాలే మందు అందులో అడుగున కొద్దిగానే ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది. పేల్చినప్పుడు సిలిండర్ పగలొచ్చు. మొదట్లో, రెండుసార్లు పోస్తే అంచు దాటి ఒలికిపోయేంత పరిమాణం ఉన్న మందును పట్టికలోంచి ఎంచుకోవడం మంచిది.

ఇంట్లో బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఉంది. సరిపోతుందా? (శాన్ హోసే)

సరిపోదు. అది 0.01 గ్రాము చొప్పున చూపిస్తుంది. గ్రాముకు 15.43 గ్రెయిన్లు కాబట్టి, ఆ ఒక్క అంకె మారితే 0.15 గ్రెయిన్ తేడా. మనకు 0.1 గ్రెయిన్ తెలియాలి. చిన్న పిస్టల్ తూటాల్లో ప్రారంభ మోతాదుకూ గరిష్ఠ మోతాదుకూ మధ్య దూరం చాలాసార్లు అర గ్రెయినే ఉంటుంది. పైగా ఆ త్రాసుల్లో ఒకే బటన్ గ్రాము, క్యారెట్, గ్రెయిన్ అని మారుతూ పోతుంది. రీలోడింగ్ త్రాసు కొన్నా సరే, ఆన్ చేశాక కాసేపు వేడెక్కనివ్వండి. ఫ్యాను, ఏసీ గాలి తగలకుండా, ఫోన్ దూరంగా పెట్టండి. మొదట్లో, మధ్యలో, చివర్లో మీ మోతాదుకు దగ్గరగా ఉన్న చెక్ వెయిట్ పెట్టి చూడండి. అంకె తప్పితే, అంతకుముందు చెక్ చేశాక పోసినవన్నీ వెనక్కి తియ్యాల్సిందే.

.308 బోల్ట్ రైఫిల్ కేసులు నాలుగోసారికే అడుగు దగ్గర మెరుస్తున్న గీతతో వస్తున్నాయి. మందు పట్టికలో మధ్య మోతాదే వేస్తున్నాను. (డెన్వర్)

మందుది కాదు తప్పు, డై సర్దుబాటుది. ఆ కేసులు ఇక పేల్చకండి. తరువాతి మెట్టు కేసు రెండుగా తెగిపోవడం.

తూటా పేలినప్పుడు కేసు ముందు భాగం గది గోడను గట్టిగా పట్టుకుంటుంది. వెనక భాగం బోల్ట్ (గదిని వెనక నుంచి మూసే భాగం) దాకా సాగుతుంది. ఆ సాగుడంతా అడుగుకు కాస్త పైన ఒకే వలయంలో జరుగుతుంది. మీరు డైతో భుజాన్ని (కేసు మెడ దగ్గర సన్నబడే చోటును) అవసరానికి మించి వెనక్కి నొక్కుతున్నారు. మళ్లీ పేలినప్పుడు మళ్లీ సాగుతోంది. ప్రతిసారీ అక్కడ ఇత్తడి పలచబడుతుంది. "డైని షెల్ హోల్డర్‌కు తాకించి, ఆపైన పావు చుట్టు తిప్పండి" అని డబ్బాలో కాగితం చెప్పినట్టు బిగించి ఉంటారు. అది అన్ని రైఫిళ్లలో తూటా పట్టడానికి చెప్పిన మాట. మీ రైఫిల్‌కు కుదిరిన కొలత కాదది.

భుజం దాకా కొలవడానికి కాలిపర్‌కు తగిలించే హెడ్‌స్పేస్ గేజ్ తెచ్చుకోండి. మీ రైఫిల్‌లో పేలిన కేసు భుజం కొలత రాసుకుని, డైలోంచి వచ్చాక దానికంటే 0.002 అంగుళం తగ్గేలా డైని కొద్దికొద్దిగా దించండి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయితే 0.003 నుంచి 0.004. మిగతా కేసుల్ని పరీక్షించడానికి పేపర్ క్లిప్ ఒకటి చాలు. తిన్నగా చేసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, మొన పదును చేసి, కేసు లోపల గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. అడుగుకు కాస్త పైన కొస గుంటలో పడి తగులుకుంటే గోడ అరిగినట్టే. బయట గీత కనబడకముందే ఇది చెబుతుంది. కొత్త కేసుల్లోనూ గోడ మందం మామూలుగా తగ్గే చోటు ఉంటుంది. అది చేతికి అలవాటు కావడానికి ఒక కొత్త కేసులోనూ లాగి చూసుకోండి.

అదే చేత్తో కేసు పొడవు కూడా కొలవండి. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, కోస్తే 2.005కి కోస్తారు. పొడవు మించితే మూతి బ్యారెల్ మొదట్లో ఇరుక్కుని బుల్లెట్‌ను పట్టేస్తుంది, ఒత్తిడి ఎగబాకుతుంది. మిలిటరీ కేసులు కలిపి వాడుతుంటే వేరు చెయ్యండి. వాటి గోడలు దళసరి, లోపల చోటు తక్కువ. అదే మందు అందులో ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది.

మొదటి దెబ్బకు పేలకుండా రెండో దెబ్బకు పేలుతున్నాయి. ప్రైమర్లు పాడయ్యాయా? (చికాగో)

చాలావరకు అవి పూర్తిగా దిగలేదు. మొదటి దెబ్బ ప్రైమర్‌ను లోపలికి దించింది, రెండోది పేల్చింది. ప్రైమర్ కేసు అడుగు మట్టానికి 0.003 నుంచి 0.005 అంగుళం కిందికి ఉండాలి. వేలితో నిమిరితే చిన్న పల్లం తెలియాలి. గుంటలో మసి పేరుకున్నా, మిలిటరీ కేసులో పాత ప్రైమర్ చుట్టూ నొక్కిన అంచు అలాగే ఉన్నా సరిగ్గా దిగదు. మసి గీకండి, అంచును రీమర్‌తో (చెక్కే పరికరంతో) తీసెయ్యండి. సెమీ ఆటోమేటిక్‌లో పైకి ఉన్న ప్రైమర్ ట్రిగ్గర్ నొక్కకుండానే పేలగలదు. మందు, బుల్లెట్ పెట్టేసిన తూటాలో ప్రైమర్‌ను మళ్లీ నొక్కి దించే ప్రయత్నం ఎన్నడూ చెయ్యవద్దు. దాన్ని విప్పెయ్యాలి.

స్మాల్ రైఫిల్, స్మాల్ పిస్టల్ ప్రైమర్ల వ్యాసం ఒకటే, 0.175 అంగుళం. కానీ రైఫిల్ దాని కప్పు దళసరి. రెండూ కలిసిపోయినా ఇలాగే పేలకుండా మిగులుతాయి.

పేలని తూటా ఏదైనా, తుపాకీని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగాకే తెరవండి.

నా 9 ఎంఎం తూటాలు గదిలోకి పూర్తిగా దిగడం లేదు. (సియాటిల్)

పిస్టల్ ఖాళీ అని చూసుకుని బ్యారెల్ విడదియ్యండి. తూటాను అందులో జారవిడిస్తే టక్కున దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే తనంతట జారాలి. లేకపోతే తూటాకు మార్కర్ ఇంకు పూసి మళ్లీ పెట్టి తీసి, ఇంకు ఎక్కడ గీసుకుపోయిందో చూడండి. మూతి అంచున పోతే విప్పారిన మూతి పూర్తిగా మూసుకోలేదు. టేపర్ క్రింప్ (మూతిని మడవకుండా లోపలికి నొక్కడం) కొంచెం పెంచండి, అంచు వ్యాసం 0.378 నుంచి 0.380 మధ్య ఉండాలి. బుల్లెట్ మీద పోతే పొడవు ఎక్కువ. అడుగు దగ్గర పోతే సైజింగ్ డై ఇంకా కిందికి రావాలి. పొడవు తగ్గించేముందు పట్టిక చూడండి. బుల్లెట్ లోపలికి దిగేకొద్దీ చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. 9 ఎంఎంలో ఇది చిన్న విషయం కాదు. ఈ తూటా గదిలో నిలిచేది మూతి అంచు మీదే కాబట్టి .38లా రోల్ క్రింప్ మాత్రం పనికిరాదు.

పేల్చినప్పుడు 'ఫుస్' అని చిన్న శబ్దం వచ్చి, కుదుపు లేకపోతే? (ఆస్టిన్)

ఆపెయ్యండి. ఇంకో తూటా పేల్చకండి. మందు పడని తూటాలో ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి తోసి వదిలేస్తుంది. వెనకాల ఇంకొకటి వస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. 30 సెకన్లు ఆగి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ చూడండి. ఇరుక్కుంటే ఇత్తడి కడ్డీతో తట్టి తియ్యాలి, చేతకాకపోతే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు ఇవ్వాలి. ఆ రోజు చేసిన మిగతా తూటాల్నీ నమ్మకూడదు. ఒకదానికి పడని మందు పక్కదానిలో రెండింతలై ఉండొచ్చు.

మందు, ప్రైమర్లు గ్యారేజీలో పెట్టాను. వేసవిలో బాగా వేడెక్కుతుంది. గన్ సేఫ్‌లో పెట్టమంటారా? (ఫీనిక్స్)

రెండూ వద్దు. వేడికి మందు చెడిపోతుంది. చెడితే ఎర్రటి ఆవిరి, ముక్కును పొడిచే ఘాటు వాసన వస్తాయి. గట్టిగా మూసుకునే ఇనప పెట్టెలో మంటలు తగిలితే ఒత్తిడి బయటికి పోయే దారి ఉండదు, కాలిపోవలసింది పేలిపోతుంది. ఇంటి లోపల, ఎండ పడని గదిలో, పిల్లలకు అందకుండా తాళం వేసిన చెక్క బీరువా మేలు. మందు కంపెనీ డబ్బాలోనే ఉంచండి. అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా మందు, 10,000 దాకా ప్రైమర్లు ఉండొచ్చు. 20 దాటి 50 పౌండ్ల దాకా అయితే అంగుళం మందం గోడలున్న చెక్కపెట్టె కావాలి. మీ సిటీ, మీ అపార్ట్‌మెంట్ నియమాలు ఇంతకంటే కఠినంగా ఉండొచ్చు.

బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. పని అయ్యాక కొలిచే పాత్రలో మిగిలింది అదే డబ్బాలోకి వెళ్లాలి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఏ మందో గుర్తుండదు. నైట్రోగ్లిసరిన్ ఉన్న మందులు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కూడా తినేస్తాయి.

ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. మావారు కేసులు శుభ్రం చేసే యంత్రం లాండ్రీ గదిలో పెట్టారు. ప్రమాదమా? (న్యూజెర్సీ)

ప్రమాదమేనమ్మా, వెంటనే అక్కణ్నించి తీయించండి. పేలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఆ యంత్రం (పొడి టంబ్లర్) మూత తీసినప్పుడు, కేసులు జల్లించినప్పుడు లేచే సన్నటి ధూళి బట్టల మీదా, పాప పాకే నేల మీదా పడుతుంది. ఆ పని ఇంటి బయట, మాస్కు పెట్టుకుని చెయ్యాలి. నీళ్లూ స్టీలు పిన్నులూ వేసి కడిగే తడి పద్ధతిలో ధూళి లేవదు. ఆ నీళ్లు మాత్రం వంటగది సింకులో పొయ్యకూడదు. బల్ల దగ్గర టీ, తిండి ఉండకూడదు. అయ్యాక చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోవాలి. బట్టలు విడిగా ఉతకండి. డాక్టరుకు ఈ సంగతి చెప్పి పాపకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. పిల్లల్లో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో నిర్ణయించింది.

మిత్రులు డబ్బులిస్తాం, మాకూ చేసిపెట్టు అంటున్నారు. (షార్లట్)

సొంతానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే టైప్ 06 లైసెన్సు కావాలి. ఊరికే కూడా ఇవ్వకండి. మీ మోతాదు మీ తుపాకీని చూసి తేల్చుకున్నది. ఇంకొకరి రీలోడ్లు మీరూ పేల్చకండి.

సెలవులకు హైదరాబాద్ వెళుతున్నాం. మా బావగారికి నాలుగు ఖాళీ కేసులు గుర్తుగా తీసుకెళ్లొచ్చా? అక్కడ రీలోడింగ్ చేసుకోవచ్చా? (హ్యూస్టన్)

రెండింటికీ వద్దనే జవాబు. మన ఆయుధాల చట్టం, 1959లో తూటాల నిర్వచనంలోకి తూటా భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ వస్తాయి. తయారీకి సెక్షన్ 5 కింద లైసెన్సు ఉండాలి. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో బ్యాగులో ఒక్క తూటా దొరికినా పోలీసు కేసు పెడతారు, తరువాత కోర్టులో తేల్చుకోవాలి. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ప్రయాణానికి వాడకండి. చిన్న .22 తూటాలు జిప్పు పక్క మడతల్లో, లోపలి గుడ్డ చినిగిన చోట దూరి ఉంటాయి, దులిపినా రాలవు.