టైఫూనా, రఫేలా, గ్రిపెనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్ర: టైఫూన్, రఫేల్, ‘గ్రిపెన్-ఈ’ (గ్రిపెన్‌లో కొత్త రకం) అనే యుద్ధ విమానాల్లో అన్నిటికన్నా బలమైన ఇంజిన్ దేనిది?

జ: ఇంజిన్లను విడిగా చూస్తే గ్రిపెన్-ఈదే పైచేయి. అందులోని అమెరికన్ ఎఫ్414 ఇంజిన్ ఆఫ్టర్‌బర్నర్‌తో (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండించే ఏర్పాటు) 98 కిలోన్యూటన్ల థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, ఇస్తుంది. టైఫూన్ ఈజే200 ఇచ్చేది 90, రఫేల్ ఎం88 ఇచ్చేది 75. కానీ గ్రిపెన్‌కి ఉన్నది ఒక్క ఇంజినే. మిగతా రెండింటికీ రెండేసి ఉన్నాయి. అందుకే థ్రస్ట్‌ని బరువుతో భాగించి చూడాలి.

టైఫూన్, రఫేల్, గ్రిపెన్-ఈల ఖాళీ బరువులు వరుసగా సుమారు 11, 10, 8 టన్నులు. లోపలి ట్యాంకుల్లో పట్టే ఇంధనం సుమారు 5, 4.7, 3.4 టన్నులు. క్షిపణులకూ పైలట్‌కూ కలిపి ఒక్కోదానికి ఒక టన్ను వేసుకుందాం. అప్పుడు థ్రస్ట్-బరువు నిష్పత్తి టైఫూన్‌కి 1.08, రఫేల్‌కి 0.97, గ్రిపెన్-ఈకి 0.81 వస్తుంది. సగం ఇంధనం ఖర్చయ్యాక ఇవే 1.27, 1.15, 0.93 అవుతాయి. ఎవరైనా నిష్పత్తి చెబితే ముందు ఎంత ఇంధనంతో లెక్కేశారో అడగండి. అది చెప్పని పట్టికను పక్కన పెట్టేయొచ్చు.

పైగా ఈ థ్రస్ట్ అంకెలన్నీ నేలమీద, ఇంజిన్ కదలకుండా ఉన్నప్పుడు కొలిచినవి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, గాలి లోపలికి వెళ్లే దారి కీలకమవుతుంది. టైఫూన్ ఇన్‌టేక్ కింది పెదవి వేగాన్నిబట్టి కదులుతుంది, రఫేల్‌ది స్థిరంగా ఉంటుంది. టైఫూన్ మాక్ 2 (ధ్వనికి రెండింతల వేగం) చేరుతుంది, రఫేల్ గరిష్ఠం మాక్ 1.8. ఈ తేడాకు ఇన్‌టేక్ కూడా ఒక కారణం. ఈ ఏర్పాటు లేకపోవడంవల్ల రఫేల్‌కి బరువూ మరమ్మతులూ తగ్గాయి. నా దృష్టిలో అది నష్టమేమీ కాదు, మాక్ 1.8 దాటి పోరాడే సందర్భాలు చాలా అరుదు.

ప్ర: ఆఫ్టర్‌బర్నర్ ఎంతసేపు వాడొచ్చు?

జ: మీరనుకునేదానికన్నా చాలా తక్కువ. ఈజే200 ఆఫ్టర్‌బర్నర్ లేకుండా 60 కిలోన్యూటన్లు ఇస్తూ, కిలోన్యూటన్‌కి సెకనుకి దాదాపు 22 గ్రాముల ఇంధనం తాగుతుంది. ఆఫ్టర్‌బర్నర్ వేస్తే అది దాదాపు 48 గ్రాములు. రెండు ఇంజిన్లకు కలిపితే మొదటిది నిమిషానికి సుమారు 160 కిలోలు, రెండోది 520 కిలోలు. థ్రస్ట్ సగం పెరిగితే ఖర్చు మూడింతలు దాటింది! నేలమట్టంలో అలాగే నడిపితే లోపలి 5 టన్నులు పది నిమిషాల్లోపే ఖాళీ అవుతాయి. పైన గాలి పలచన కాబట్టి థ్రస్ట్, ఖర్చు రెండూ తగ్గుతాయి. అయినా పైలట్లు దాన్ని టేకాఫ్‌కీ, వేగం పుంజుకోవడానికీ, పోరులో కొన్ని క్షణాలకీ మాత్రమే వాడతారు.

ప్ర: మీటియోర్ క్షిపణి మూడింటికీ ఉందిగా, మరి తేడా ఎక్కడ?

జ: ముందు ఆ క్షిపణి సంగతి. మామూలు రాకెట్ క్షిపణి మోటారు కొన్ని సెకన్లు మండి ఆరిపోతుంది. మిగతా దూరమంతా వచ్చిన వేగంతోనే జారుకుంటూ పోవాలి. లక్ష్యం మలుపు తిరిగితే తనూ తిరగాలి, ప్రతి మలుపులో వేగం పోతుంది. 190 కిలోల మీటియోర్ పద్ధతి వేరు. మొదట బూస్టర్ దాన్ని వేగానికి తెస్తుంది. ఆ తర్వాత లోపలి ఘన ఇంధనం నుంచి వచ్చే వాయువు, పక్క గొట్టాల్లోంచి దూసుకొచ్చే గాలితో కలిసి మండుతుంది. ఎంత వాయువు వదలాలో ఒక కవాటం నిర్ణయిస్తుంది. దారిలో పొదుపు చేసి, చివర్లో లక్ష్యం తప్పించుకోబోయేటప్పుడు పూర్తి బలం వాడగలదు. అందుకే దాని పరిధి 100 కిలోమీటర్లు దాటుతుందన్న మాటకన్నా, తప్పించుకోలేని ప్రాంతం పెద్దదన్నదే ముఖ్యం. ఎదురొచ్చే విమానంమీద పేల్చిన దూరమూ, పారిపోయే విమానంమీద పేల్చిన దూరమూ ఎప్పుడూ ఒకటి కావు.

2016లో దీన్ని మొదట వాడకంలోకి తెచ్చింది స్వీడన్ గ్రిపెన్‌తోనే. ఇక విమానాల మధ్య తేడా రాడార్ దగ్గర వస్తుంది. క్షిపణి వదిలాక దాని సొంత రాడార్ లక్ష్యాన్ని పట్టుకునేదాకా మన విమానం సమాచారం పంపుతుండాలి, అలాగని శత్రువు వైపే దూసుకుపోతే ప్రమాదం. రఫేల్ ఆర్‌బీఈ2 రాడార్ పలక కదలదు, ముక్కుకి ఇటూ అటూ సుమారు 60 డిగ్రీలే చూస్తుంది. గ్రిపెన్-ఈ రాడార్, టైఫూన్ కొత్త రాడార్ క్యాప్టర్-ఈ తిరిగే పీఠంమీద ఉంటాయి కాబట్టి సుమారు 100 డిగ్రీల దాకా చూడగలవు. పైలట్ పూర్తిగా పక్కకు మళ్లినా లక్ష్యం చేజారదు. పాత టైఫూన్లలోని క్యాప్టర్-ఎం యాంటెన్నాని మోటార్లు తిప్పుతాయి. అది ఒక దిక్కునుంచి మరో దిక్కుకు మళ్లడానికి సమయం పడుతుంది.

ప్ర: ఇంకా తుపాకులెందుకు? వాటిలో ఏది మేలు?

జ: తక్కువ దూరంలో హెచ్చరికకు, నేలమీది లక్ష్యాలకు. టైఫూన్, గ్రిపెన్ రెండింటిలోనూ 27 మి.మీ. మౌజర్ తుపాకీ ఉంది, గుండ్లు 150, 120. రఫేల్‌ది 30 మి.మీ., 125 గుండ్లు, నిమిషానికి 2,500 చొప్పున పేలుస్తుంది. అంటే మూడు సెకన్లలో ఖాళీ.

ప్ర: గ్రిపెన్ రోడ్లమీద దిగుతుందంటారు. రాళ్లు ఇంజిన్లోకి వెళ్లవా?

జ: వెళ్లే ప్రమాదం ఉంది, అందుకే ముందుగా రోడ్డు ఊడుస్తారు. 800 మీటర్ల రోడ్డు ముక్క చాలు. ఒక టెక్నీషియన్, ఐదుగురు సహాయకులు పది నిమిషాల్లో ఇంధనం, క్షిపణులు ఎక్కించేలా దాన్ని రూపొందించారు. చిన్న రాయి తగిలినా ఇంజిన్ ముందుండే ఫ్యాన్ బ్లేడ్ అంచుమీద గాటు పడుతుంది, ఆ గాటు దగ్గరే లోహం అలసి పగులు మొదలవుతుంది. లోతు పరిమితిలో ఉంటే అంచుని నున్నగా అరగదీసి వాడతారు. పరిమితి దాటితేనే చిక్కు. టైఫూన్ ఇంజిన్ ఈజే200లో బ్లేడ్లు, చక్రం ఒకే ముక్కగా చేశారు, బరువు తగ్గుతుంది గానీ ఒక్క బ్లేడ్‌ని ఊడదీసి మార్చలేం, చక్రం మొత్తం కర్మాగారానికి వెళ్లాలి. రఫేల్ ఇంజిన్ ఎం88ని 21 మాడ్యూళ్లుగా (విడి భాగాలుగా) విడగొట్టేలా చేశారు కాబట్టి పాడైన మాడ్యూల్ తీసి మరొకటి బిగించి, ఇంజిన్‌ని మళ్లీ విమానానికి ఎక్కించేయొచ్చు.