కోడిగుడ్ల అట్టతో కరివేపాకు పురుగు

నాలుగేళ్ల పాపతో సెలవుల్లో చెట్లు, పురుగులు, పిట్టలు లాంటి బొమ్మలు చేయించాలని, దానికి కొత్తగా ఏమీ కొనకూడదని అడిగారు కదండీ. మా అబ్బాయి, మా చెల్లి కూతురు ఈ వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో బాగా కుదిరింది చెబుతాను. ముందు బొమ్మ సంగతి వదిలేసి, పాపను కరివేపాకు మొక్క దగ్గర కూర్చోబెట్టండి.

ఆకుల అంచులు కొరికేసి ఉన్నాయంటే గొంగళి పురుగు అక్కడే ఎక్కడో ఉంటుంది. చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా కనిపిస్తుంది, అందుకే పిట్టలు దాని జోలికి రావు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి వస్తాయి, ఘాటు వాసన కూడా. మావాడు వాటిని 'కోపం కొమ్ములు' అనేవాడు. వీపు మీద కళ్లలా ఉండేవి కళ్లు కావు, బెదిరించడానికి ఉన్న మచ్చలు. అసలు తల కింద ముడుచుకుని ఉంటుంది. ఇవన్నీ చూసిన పిల్లలకు బొమ్మ ఎలా చేయాలో మనం చెప్పక్కర్లేదు, వాళ్లే మనల్ని సరిదిద్దుతారు.

ముప్పై గుడ్ల అట్ట ఒకటి చాలు. సొన మరకలు లేనిది చూసి, ఒక రోజు ఎండబెట్టండి. అది గట్టిగా ఉంటుంది కాబట్టి ఒక వరుస గుంటల్ని మీరే కత్తిరించి బోర్లించండి. పురుగు ఒళ్లు వచ్చేసినట్టే. పాలకూర రుబ్బి పిండిన రసాన్ని పాత టూత్‌బ్రష్‌తో పూయమనండి. రంగు కాస్త వెలసినట్టే ఉంటుంది, పిల్లలకు అదేం పట్టదు.

అసలు మజా కొమ్ముల్లో ఉంది. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరనిచ్చి, దాని మీద వంటసోడా నీళ్లు చుక్కలు వేయించండి. పసుపు పచ్చ కాస్తా ఎర్రబడుతుంది. పాప మళ్లీ మళ్లీ చేస్తానంటుంది, చేయనివ్వండి. ఆరాక ఆ కాగితాన్నే కొమ్ముల్లా కత్తిరించి అంటించండి. సున్నంతో ఇంకా బాగా ఎర్రబడుతుంది గానీ, కంట్లో పడితే ప్రమాదం. కళ్లకు మిరియాలు, పెసలు అంటించొద్దు, ఈ వయసు వాళ్లు ముక్కులో పెట్టుకుంటారు. స్కెచ్ పెన్నుతో చుక్కలు చాలు.

జిగురుకు చెంచా మైదా అరకప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిక్కబడేదాకా ఉడికించండి. పోస్టర్లు అంటించేవాళ్లలా మైలుతుత్తం మాత్రం కలపకండి, అది విషం. ఈ జిగురు ఫ్రిజ్‌లో పెట్టినా ఎక్కువ రోజులు నిలవ ఉండదు, కొంచెమే చేసుకోండి.

మొక్క మీది పురుగు తినడం మానేసి, నడుముకు సన్నటి దారం కట్టుకున్నట్టు కొమ్మకు అంటుకుపోతే దాన్ని కదపొద్దు. మామూలుగా ఒకటి రెండు వారాల్లో సీతాకోకచిలుక వస్తుంది. ఆలోగా రెక్కలు చేసుకోవచ్చు. పాత శుభలేఖను మధ్యకు మడిచి, ఒక వైపు రెక్క గీసి కత్తిరిస్తే రెండూ సమానంగా వస్తాయి. బంగారు రంగు గణపతి బొమ్మ రెక్క మీద పడిందని మా అత్తయ్య అభ్యంతరం చెప్పారు, మీరు ఆ ముక్క ముందే తీసేయండి.

కరివేపాకు లేకపోతే నిమ్మ, బత్తాయి, మారేడు మొక్కల మీద వెతకండి. మందు కొట్టిన మొక్క మీద మాత్రం దొరకవు.