పన్ను తీయించుకోబోతున్నారా?

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. కింది వరుసలో ఒక దవడపన్ను బాగా పుచ్చి, సగానికి విరిగిపోయింది. రూట్ కెనాల్ చేసినా నిలవదని, తీసేయడమే మంచిదని దంతవైద్యులు చెప్పారు. ఆ నొప్పి భరించలేనేమోనని, తర్వాత రక్తం ఆగదేమోనని భయంగా ఉంది. గుండె జబ్బు వల్ల రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. దాన్ని ముందుగా మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మాత్ర సంగతి చెబుతాను. దయచేసి దాన్ని మీ అంతట మీరు మానేయవద్దు. ఒక్క పన్ను తీసినప్పుడు వచ్చే రక్తాన్ని గాజుగుడ్డతో నొక్కిపెట్టి, కావలిస్తే ఒకటి రెండు కుట్లు వేసి ఆపవచ్చు. ఆస్పిరిన్ ఆపినందువల్ల గుండె రక్తనాళంలో గడ్డ కడితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. మీరు వాడే మందులన్నీ, ఎముకల బలానికి తీసుకునే మాత్రలు, ఇంజెక్షన్లతో సహా, దంతవైద్యులకు ముందే చెప్పండి.

ఇక నొప్పి విషయం. మత్తు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు సూది గుచ్చిన బాధ, కాస్త మంట ఉంటాయి. కింది దవడకు వెళ్లే నరం దగ్గర మందు ఇస్తారు కాబట్టి కొద్ది నిమిషాలలో ఆ వైపు పెదవి, నాలుక మొద్దుబారి, బరువెక్కినట్టు అనిపిస్తాయి. ఈ మందు నొప్పిని ఆపుతుంది గానీ ఒత్తిడిని పూర్తిగా ఆపదు. వైద్యులు పన్నును ఒక్కసారిగా లాగరు. దాన్ని ఎముకకు పట్టి ఉంచే సన్నని పోగులు తెగి, గుంట వెడల్పయ్యేలా అటూ ఇటూ నెమ్మదిగా కదిలిస్తారు. అప్పుడు దవడను గట్టిగా నొక్కుతున్నట్టు తెలుస్తుంది, ఒక్కోసారి పటుక్కుమన్న శబ్దం కూడా వినిపిస్తుంది. ఎక్కువమంది బెదిరిపోయేది అక్కడే, కానీ అందులో ప్రమాదమేమీ లేదు. పదునైన నొప్పి తెలిస్తే మాత్రం ఓర్చుకోనవసరం లేదు, వెంటనే చెయ్యెత్తండి. చీము, వాపు ఉన్నచోట మత్తు సరిగా పట్టకపోవచ్చు, అప్పుడు మరికొంత మందు ఇస్తారు.

తీసిన తర్వాత గాజుగుడ్డను 30 నుంచి 45 నిమిషాల పాటు గట్టిగా కొరికి పట్టుకోవాలి. రక్తం ఆగిందో లేదో చూద్దామని మాటిమాటికీ తీస్తే అది ఆగదు. ఖాళీ అయిన గుంటలో గడ్డకట్టే రక్తమే ఎముకకు రక్షణ, కొత్త కణజాలానికి పునాది. అందుకే మొదటి 24 గంటలు పుక్కిలించడం, గట్టిగా ఉమ్మడం, స్ట్రాతో తాగడం, పొగ తాగడం వద్దంటాం. ఉమ్ములో ఆ రోజంతా కొంచెం ఎరుపు కనిపించవచ్చు. చుక్క రక్తం కూడా లాలాజలంలో కలిసి చాలా ఎక్కువగా కనిపిస్తుంది. నిజంగా కారుతూనే ఉంటే కొత్త గాజుగుడ్డతో మళ్లీ నొక్కిపెట్టండి. అప్పటికీ ఆగకపోతే వైద్యులకు కబురు చేయండి.

మత్తు కొన్ని గంటలు ఉంటుంది. అది పూర్తిగా వదిలే వరకు వేడివి తాగవద్దు, తెలియకుండా పెదవి కొరుక్కోకుండా జాగ్రత్త పడండి. మత్తు వదలకముందే పారాసెటమాల్ వేసుకుంటే నొప్పి అదుపులో ఉంటుంది. ఐబుప్రోఫెన్ వంటివి ఆస్పిరిన్ పనికి అడ్డుపడగలవు కాబట్టి, వైద్యులను అడగకుండా వేసుకోవద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో నోరు మెల్లగా కడుక్కోవచ్చు.

వాపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాత తగ్గడం మామూలే. తగ్గుతున్న నొప్పి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మళ్లీ ఎక్కువై, చెవిదాకా పోటు పెడుతూ, నోటి దుర్వాసన వస్తే గుంటలోని గడ్డ ఊడిపోయిందేమోనని అనుమానించాలి. దీన్నే డ్రై సాకెట్ అంటారు. కింది దవడపళ్ల దగ్గర, పొగతాగేవారిలో ఇది ఎక్కువ. వైద్యులు గుంటను కడిగి మందు పెడితే త్వరగానే ఉపశమనం కలుగుతుంది. జ్వరం వచ్చినా, మింగడం గానీ నోరు తెరవడం గానీ కష్టమైనా, మర్నాటికి కూడా పెదవి మొద్దుబారే ఉన్నా ఆలస్యం చేయకుండా వెళ్లండి.

చిగురు సాధారణంగా రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. ఆ ఖాళీలోకి పక్క పళ్లు ఒరగవచ్చు కాబట్టి, అక్కడ బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో నిలిపే కట్టుడు పన్ను) కట్టించుకోవాలా, ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) పెట్టించుకోవాలా అన్నది పన్ను తీయించుకునే రోజే వైద్యులను అడగండి.