బోరు నీళ్లతో పీచులా లేస్తున్న జుట్టు ఇంట్లోనే నున్నగా అవుతుందా?

ప్రశ్న: నా వయసు 21. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. హైదరాబాద్ హాస్టల్‌లో నల్లా నీళ్లు వచ్చేవి, అక్కడున్నన్ని రోజులు జుట్టు అణిగే ఉండేది. ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. బోరు నీళ్లతో తలస్నానం చేసి ఆరబెడితే చాలు, పీచులా పైకి లేస్తోంది. దువ్వెన దిగడం లేదు. గుడ్డు, పెరుగు, మెంతులు అన్నీ పట్టించి చూశాను. వచ్చే నెల మా అన్న పెళ్లి. ఆన్‌లైన్‌లో స్ట్రెయిటెనింగ్ కిట్ తెప్పించుకుని ఇంట్లోనే వేసుకోవచ్చా? మా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే ఇలా అవుతోందా?

జవాబు: కిట్ మాత్రం తెప్పించుకోకండి. మీ సమస్య చాలావరకు నీళ్లది. హాస్టల్‌లో బాగుండి ఇంటికొచ్చాక పీచయిందని మీరే రాశారు, అసలు ఆధారం అదే.

ఫ్లోరైడ్ విషయంలో మీ ప్రాంతంవాళ్ల భయం న్యాయమైనదే. అయితే అది తాగే నీళ్ల ద్వారా ఒంట్లోకి వెళ్లి పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది. జుట్టును బిరుసుగా చేసేది బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు కాగబెట్టే హీటర్ కడ్డీని ఒకసారి చూడండి. దాని మీద సున్నంలా గట్టిగా తెల్లటి పెచ్చు కట్టి ఉంటే, ఆ లవణాలే తలస్నానం చేసిన ప్రతిసారీ వెంట్రుకల మీద కూడా పేరుకుంటున్నాయని అర్థం. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటుంది. దాని మీద లవణాలు పట్టేకొద్దీ నునుపు పోయి వెంట్రుకలు ఒకదానికొకటి రాసుకుంటాయి, చిక్కుపడతాయి. తలకు ఒంటి సబ్బు వాడితే మరీ నష్టం. సబ్బు ఇలాంటి ఉప్పునీళ్లలో విరిగి, కడిగినా పోని జిడ్డులా అతుక్కుంటుంది. పైగా సబ్బుకు క్షారగుణం ఎక్కువ, దాంతో పొలుసులు విచ్చుకుంటాయి.

అనుమానం తీరాలంటే రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా నీళ్లు సగం వరకు పోసి, రెండింట్లోనూ గోరంత ఒంటి సబ్బు ముక్క వేసి గట్టిగా ఊపండి. షాంపూ వేయవద్దు, అది ఉప్పునీళ్లలోనూ నురగొస్తుంది. బోరు సీసాలో నురగ రాకుండా తెల్లటి తెట్టు కడితే అవి కఠిన జలమే, అంటే ఆ లవణాలు ఎక్కువగా ఉన్న నీళ్లే.

తలస్నానం మొత్తానికీ మంచినీళ్లు దొరకకపోయినా ఫర్వాలేదు. షాంపూ వరకు బోరు నీళ్లు వాడి, ఆఖరున మూడు నాలుగు లీటర్ల నల్లా నీళ్లు లేదా పట్టి ఉంచిన వాననీళ్లు తల మీంచి పోసుకోండి. అవీ లేకపోతే బోరు నీళ్లను పది నిమిషాలు మరగబెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున మడ్డి వదిలేసి పైతేట వాడండి. కాఠిన్యం పూర్తిగా పోదు కానీ కొంత తగ్గుతుంది. పటిక వేస్తే సరిపోతుందని మీ వైపు చాలామంది అనుకుంటారు. నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైన పద్ధతిలో పటిక, సున్నం కలిపి తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గిస్తారు, నిజమే. కానీ పటిక కాఠిన్యాన్ని తీయదు, జుట్టుకు దానివల్ల ఉపయోగం లేదు.

ఇప్పటికే పేరుకున్నది వదలాలంటే లేబుల్ మీద ఈడీటీఏ (లవణాలను పట్టి వదిలించే రసాయనం) ఉన్న క్లారిఫయింగ్ షాంపూ, అంటే పేరుకున్నదాన్ని కడిగేసే షాంపూ, నెలకోసారి చాలు. లేదంటే లీటరు మంచినీళ్లలో ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి, షాంపూ తర్వాత జుట్టు పొడవునా పోసుకుని రెండు నిమిషాలాగి కడిగేయండి. పదిహేను రోజులకోసారి చాలు. మాడు మీద పుండ్లుంటే వద్దు, కళ్లలో పడనివ్వద్దు. నిమ్మరసం, వంటసోడా రెండూ పెట్టకండి. వంటసోడా క్షారం, అది పొలుసుల్ని ఇంకా లేపుతుంది.

ఇక తలస్నానం. వారానికి రెండుసార్లు చాలు. గంట ముందు రెండు మూడు చెంచాల కొబ్బరినూనె మాడుకు కాకుండా జుట్టు పొడవుకు, ముఖ్యంగా కొసలకు రాయండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కొంత ఇంకి, తడిసినప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. షాంపూ మాడుకే రుద్దండి, కిందికి జారే నురగ జుట్టుకు సరిపోతుంది. కుంకుడు ఇష్టమైతే ఎనిమిది పది కాయల గింజలు తీసి అర లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, వడకట్టి వాడండి. అది సబ్బులా విరగదు, కానీ చిక్కగా వాడితే జుట్టు ఎండిపోతుంది.

తర్వాత కండిషనర్ తప్పనిసరి. మీ ప్రశ్నలో ఆ మాటే లేదు! ఉసిరికాయంత తీసుకుని చెవుల కింద నుంచి కొసల దాకా పట్టించి, అది ఉండగానే పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. మూడు నిమిషాలకు కడిగేయండి. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ చీర ముక్కతో ఒత్తండి. తడి ఆరకముందే డైమెథికోన్ (నునుపునిచ్చే ఒక రకం సిలికాన్) ఉన్న సీరమ్ మూడు నాలుగు చుక్కలు అరచేతుల్లో రుద్దుకుని జుట్టుకు రాయండి. వానాకాలం గాలి తేమకు జుట్టు ఉబ్బకుండా ఆపేది ఇదే.

గుడ్డు, పెరుగు ఎందుకు పనిచేయలేదంటే, గుడ్డులోని ప్రొటీన్ వెంట్రుక లోపలికి పోయేంత చిన్నది కాదు. పైన పూతలా ఉండి, కడిగితే పోతుంది. మెంతుల జిగురు కూడా అంతే.

కిట్ ఎందుకు వద్దంటున్నానో వినండి. వెంట్రుక ఆకారాన్ని నిలబెట్టే సల్ఫర్ బంధాలను తెంచే క్రీములు నిమిషాల లెక్క తప్పితే జుట్టును మొదలంటా తెంపేస్తాయి, మాడు కాలుస్తాయి. కెరాటిన్ పేరుతో వచ్చేవాటిలో కొన్నింటిని వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది కళ్లకు, ఊపిరితిత్తులకు హానికరం. అది లేదని చెప్పుకునే కొన్నింటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తలుపులేసిన చిన్న గదిలో ఇవి వేసుకోవడం మరీ ప్రమాదం. ఇంత చేసినా కొత్తగా మొలిచే జుట్టు పాత తీరులోనే వస్తుంది, ఎందుకంటే ఆ తీరును నిర్ణయించేది మాడులోని కుదుళ్లు.

నీళ్లు మార్చాక నెల రోజులు దాటినా తేడా లేకపోయినా, నీరసం, బరువు పెరగడం, నెలసరి తప్పడం, కుచ్చులుగా రాలడం ఉన్నా దగ్గర్లోని ఆసుపత్రిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పేది), హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తగ్గితే జుట్టు ఇలాగే గరుకవుతుంది.

పెళ్లికి ముందురోజు పై పద్ధతిలోనే తలస్నానం చేసి, జుట్టు ముప్పావు వంతు ఆరాక నాలుగు పాయలు తీయండి. డ్రయర్‌ను మధ్యస్థ వేడిలో, జానెడు దూరంలో, మొదలు నుంచి కొసల వైపే ఊదేలా కదుపుతూ ఆరబెట్టండి. తర్వాత జుట్టును తల చుట్టూ నున్నగా చుట్టి పిన్నులు పెట్టి, స్కార్ఫ్ కట్టుకుని పడుకోండి. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంచితే మళ్లీ తడిసేదాకా జుట్టు దాదాపు అదే ఆకారంలో ఉంటుంది. పొద్దున అవసరమనిపిస్తే హీట్ ప్రొటెక్టెంట్ రాసి, 160 డిగ్రీల దగ్గర ఐరన్ ఒక్కో పాయ మీద ఒక్కసారే లాగండి. జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. తడి మీద ఐరన్ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే తెగుతుంది.