మాస్టారి జీవితం రాస్తున్న అమ్మాయికి

హైదరాబాద్

అమ్మా,

మాస్టారి జీవితం మీద నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ "నిస్వార్థం" అన్న మాట పదకొండు చోట్ల, "అంకితభావం" తొమ్మిది చోట్ల తగిలింది. ఆయన ఎకరానికి ఎంత విత్తనం పోయించేవారో మాత్రం ఒక్క చోటా లేదు. మెదక్ పల్లెల్లో ముప్పై ఏళ్లు సేద్యం నేర్పిన మనిషి ఆయన. ఏం నేర్పారో చెప్పకుండా ఎలాంటివారో మాత్రమే చెబితే, ఆ పుస్తకాన్ని పేరు మార్చి ఏ మాస్టారికైనా అతికించవచ్చు.

రెండో అధ్యాయంలో "రైతులకు మట్టి పరీక్ష ప్రాధాన్యం వివరించారు" అని దాటేశావు. ఆ వాక్యం కొట్టేసి ఆ పూటంతా రాయి. పొలంలో ఎనిమిది, పది చోట్ల పైచెత్త తీసి, పారతో 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తవ్వాలి. గుంట అంచున పైనుంచి కిందిదాకా ఒకే మందంగా మట్టి చెక్కాలి. అంతా గోనెపట్టా మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు పారేసి, మిగిలింది మళ్లీ కలిపి, అర కిలో మిగిలేదాకా అదే పని. తర్వాత నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో కట్టాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకూడదు. రైతు పొరపాటు అక్కడే. ఒకడు దగ్గరని గట్టు పక్కనుంచే తెస్తాడు. ఇంకొకడు పరువు కోసం పొలంలో మంచి మట్టి ఉన్న మూల నుంచే తెస్తాడు, పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు. ఈ రెండోవాణ్ని వదలకు. మాస్టారు వాణ్ని పట్టుకుని నలుగురిలో నవ్వారా, పక్కకు పిలిచి చెప్పారా? నీ తొమ్మిది అంకితభావాలు చెప్పనిది అక్కడ తెలుస్తుంది.

తప్పులు కొన్ని ఉన్నాయి. 1978 వానాకాలంలో ఆయన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వరి, వేయించారని రాశావు. బాపట్ల నుంచి ఆ వంగడం విడుదలైందే 1986లో. నీకు చెప్పిన పెద్దాయన అబద్ధమాడలేదు. మసూరి, సోనా మసూరి, సాంబ మసూరి ముసలి జ్ఞాపకంలో ఒకే గాదెలో కలిసిపోతాయి. ఇలాంటివి రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం లైబ్రరీకి వెళ్లి సరిచూసుకో. ఆ విశ్వవిద్యాలయం పేరు కూడా ఏడాదిని బట్టి రాయాలి: 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1996 నుంచి ఆచార్య ఎన్.జి. రంగా పేరు, రాష్ట్రం విడిపోయాక ప్రొఫెసర్ జయశంకర్ పేరు. మెదక్ రైతు నోట సెంట్లు పలికించావు. అక్కడ గుంటలు. నలభై గుంటలు ఎకరం కాబట్టి నువ్వు రాసిన ఐదు సెంట్ల నారుమడి రెండు గుంటలు. పాత భూమి కాగితాల్లో నిజాం కాలపు ఫసలీ సంవత్సరం కనిపిస్తే ఇంగ్లీషు ఏడాది కోసం 590 కలుపు. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరులో మొదలైన ఏడాది. ముసలివాళ్లను తేదీ అడగకు, కార్తె అడుగు. "మిరుగం పడ్డ నాలుగో రోజు" అన్నారంటే, మిరుగం మృగశిర కార్తె కాబట్టి, జూన్ 11, ఒకరోజు అటూ ఇటూ. ఇక జింకు సల్ఫేటునూ భాస్వరం ఉన్న డీఏపీ ఎరువునూ కలిపి చల్లించారన్నది తప్పక తీసెయ్. భాస్వరం జింకును పట్టేసి పైరుకు అందనివ్వదు. సేద్యం తెలిసిన పాఠకుడు ఆ పేజీలోనే పుస్తకం మూసేస్తాడు.

భక్తి గురించి. మెదక్ చర్చి మీద రెండు పేజీలు రాశావు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందన్న వాక్యం ఉంచి మిగతాది తీసెయ్. గోపురం చూడాలనుకున్నవాళ్లకు బస్సులున్నాయి. మాస్టారు ఊరి క్రైస్తవ సంఘంలో బైబిలు వాక్యం చెప్పేవారన్నావు, అది పట్టుకో. విత్తువాని ఉపమానం ఆయన చెప్పకుండా ఉండి ఉండరు. మంచి నేలన పడ్డ గింజ నూరంతలు, అరువదంతలు, ముప్పదంతలు ఫలించిందని మత్తయి సువార్త పదమూడో అధ్యాయం. ఇప్పుడు లెక్క వెయ్యి. ఎకరానికి 25 కిలోల వడ్లు నారు పోసి 25 క్వింటాళ్లు పండిస్తే నూరంతలు. జొన్న అయితే విత్తనం నాలుగు కిలోలే, నాలుగు క్వింటాళ్లు వచ్చినా నూరంతలే. ఆ పంట చూసి చెల్క, అంటే మెట్ట నేల, రైతు మురిసిపోడు. ప్రభువు చెప్పిన గొప్ప పంట ఇక్కడ మామూలు పంట. వింటున్నవాళ్లలో ఒక్కడికైనా ఈ అనుమానం వచ్చి ఉండాలి. పగలంతా తూకాలూ కొలతలూ చెప్పే మనిషి ఆదివారం దానికి ఏం జవాబిచ్చారు? పాస్టరు గారిని, ఆ కాలపు సంఘ పెద్దలను అడుగు. దొరికిన జవాబు చిన్నదైనా సరే, ఆయన విశ్వాసం మీద నువ్వు రాసిన అధ్యాయం కన్నా బరువుంటుంది. చర్చిలో కోత పండుగ కూడా అంతే. కానుకగా వచ్చిన వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేస్తారు కదా, ఆ వేలంలో ఆయన ఏం పాడేవారు, ఎంతకు? సంఘం లెక్కల పుస్తకం ఉంటే అందులో ఉంటుంది.

నీ నాలుగు అధ్యాయాల్లోనూ ఆడమనిషి మాట్లాడలేదు. ఇదే నాకు పెద్ద లోటుగా కనిపించింది. వరిలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట, తూర్పు పడమరలుగా వదలమని మాస్టారు చెప్పారని రాశావు. గాలీ వెలుతురూ ఆడితే వరిని పీల్చే సుడిదోమ పురుగు తగ్గుతుంది, నిజమే. కానీ మీటింగులో తలూపింది పట్టాదారు. నాటు వేసింది వేరేవాళ్లు. గుత్తకు నాటే ముఠా తాడు పట్టి బాట వదలాలంటే పొద్దు పోతుంది, కూలి గిట్టదు, అందుకే వదలరు. పాఠం చెప్పినంత బాగా ఎందుకు పారలేదో ఈ సంగతిలోనే ఉంది. ఆ మీటింగు ఎవరి వాకిట్లో జరిగింది, దళితవాడ నుంచి వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చున్నారా, కింద కూర్చున్నారా అన్నది కూడా కనుక్కో. ఒకే సంఘంలో రొట్టె విరిచేవాళ్లు పొలం మీటింగులో విడివిడిగా కూర్చుని ఉంటే మాస్టారు దాన్ని చూడకుండా ఉండరు. చూసి ఏమీ అనలేదని తేలితే అదీ రాయి, దాచకు.

కలుపులు అయ్యాక దసరా దాకా జనం కాస్త తీరికగా దొరుకుతారు. అక్టోబరు చివర్లో కోతలు మొదలైతే ఎవరూ నీ మొహం చూడరు. ఆదివారం పొద్దున వెళ్లకు, ఆరాధన ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది. ముందు నాటు ముఠా పెద్దమ్మను కలువు. ఈ ఏడు కాలిబాట వదిలిన మడి ఒక్కటైనా ఆమె చూపిస్తే గట్టు దిగి టేపు పెట్టి కొలిచి రాసుకురా. ఇరవై సెంటీమీటర్లు ఉందో, ఆమె జానెడు ఉందో.

ఆశీస్సులతో