ఒక ఫెయిర్‌వే వుడ్ రెండింటి పని చేస్తుందా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఆఫీసులో నలుగురు తెలుగువాళ్లం కలిసి దాదాపు ప్రతి శనివారం గోల్ఫ్ ఆడుతున్నాం. నా బ్యాగులో డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) తర్వాత నేరుగా తక్కువ దూరాలకు వాడే ఐరన్లే, ఆ రెంటికీ మధ్య వాడే ఫెయిర్‌వే వుడ్ లేదు. లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం వెనక్కి వాలిన కోణం) మార్చుకునే వీలున్న 3-వుడ్ అనే ఫెయిర్‌వే వుడ్ ఒకటి 380 డాలర్లకు చూశాను. స్క్రూ తిప్పితే అదే 5-వుడ్‌లా కూడా పనికొస్తుంది, ఇంకో క్లబ్ డబ్బు మిగిలినట్టే అని మా ఫ్రెండ్ అంటున్నాడు. షాపు కార్డు తీసుకుంటే 12 నెలలు వడ్డీ ఉండదట. ఇప్పటికే వేరే క్రెడిట్ కార్డు మీద 3,200 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. కొనమంటారా?

జవాబు: కొనండి. కానీ ఆ క్లబ్ వద్దు, ఆ షాపు కార్డు అసలే వద్దు.

ముందు మీ ఫ్రెండ్ లెక్క చూద్దాం. 3-వుడ్ లాఫ్ట్ మామూలుగా 15 డిగ్రీలు, 5-వుడ్‌ది 18. షాఫ్ట్ (క్లబ్ కాడ) చివర, హెడ్‌కి బిగించే చోట ఉండే స్లీవ్‌ని తిప్పితే చాలా మోడళ్లలో డిగ్రీన్నర అటూ ఇటూ మారుతుంది, కొన్నింటిలో రెండు డిగ్రీలు. అంటే 15ని ఎంత పెంచినా 17 దగ్గర ఆగిపోతుంది. షాఫ్ట్ పొడవు ఎలాగూ మారదు. 3-వుడ్ షాఫ్ట్ సాధారణంగా 5-వుడ్ కంటే అరంగుళం దాకా పొడవుంటుంది. టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) లేకుండా గడ్డి మీది బంతిని కొట్టేటప్పుడు కొత్తవాళ్లను తిప్పలు పెట్టేది ఆ పొడవూ, ఆ తక్కువ లాఫ్టే.

పైగా రౌండ్ మొదలయ్యాక సెట్టింగ్ మార్చడానికి గోల్ఫ్ నియమాల్లోని రూల్ 4.1 ఒప్పుకోదు. అలా మార్చిన క్లబ్‌తో పోటీలో షాట్ కొడితే డిస్‌క్వాలిఫై చేస్తారు. మీ శనివారం ఆటలో ఎవరూ అడగరనుకోండి, అయినా ప్రతి హోల్ దగ్గరా రెంచ్ తీసి బిగించుకుంటూ కూర్చుంటే వెనక ఆడేవాళ్లు ఊరుకోరు.

మరి ఆ స్లీవ్‌కి అదనంగా డబ్బు పెట్టడం దండగా? కాదు. లాఫ్ట్ పెంచినప్పుడు క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) కాస్త మూసుకుంటుంది, అంటే కుడిచేతివాటం వాళ్లకు ఎడమవైపు తిరుగుతుంది; తగ్గిస్తే తెరుచుకుంటుంది. బంతి కుడివైపు వంపు తిరిగి స్లైస్ అయ్యే కుడిచేతివాటం ఆటగాడికి లాఫ్ట్ పెంచిన సెట్టింగ్ కొంత సాయపడుతుంది. ఏడాది తర్వాత స్వింగ్ కుదిరితే క్లబ్ మార్చక్కర్లేదు, సెట్టింగ్ మారిస్తే చాలు. షాఫ్ట్ నప్పకపోతే అదే స్లీవ్ పట్టే ఇంకో షాఫ్ట్ పెట్టుకోవచ్చు. అయితే ఒక కంపెనీ స్లీవ్ ఇంకో కంపెనీ హెడ్‌కి పట్టదు. రేపు అమ్మాలన్నా కొనేవాళ్లు తమకు తగ్గట్టు మార్చుకోగలరు కాబట్టి బేరం తేలిగ్గా కుదురుతుంది.

నేనైతే మీకు వాడిన అడ్జస్టబుల్ 5-వుడ్ చూసుకోమంటాను. పింగ్ జీ430 మ్యాక్స్ 5-వుడ్ 18 డిగ్రీలది, డిగ్రీన్నర అటూ ఇటూ మారుతుంది. టైటిలిస్ట్ టీఎస్‌ఆర్2 కూడా ఈ కోవదే. పేరు చూసి మాత్రం మోసపోకండి: టేలర్‌మేడ్ క్యూఐ10లో మామూలు ఫెయిర్‌వేకి స్లీవ్ ఉండదు, టూర్ మోడల్‌కే ఉంటుంది. పెద్ద కంపెనీల కొత్త మోడళ్లు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరుల్లో వస్తాయి. వాటితోపాటే పాతవాటి ధర దిగుతుంది. రెండు తరాల కిందటిది మంచి కండిషన్‌లో 200 డాలర్ల చుట్టుపక్కల దొరికితే వదలొద్దు. బంతికి అది ఏ ఏడాది మోడలో తెలియదు.

ఇక ఆ 'వడ్డీ లేని' కార్డు. షాపు కార్డుల్లో చాలావరకు వడ్డీ మాఫీ కాదు, వాయిదా పడుతుంది. ఫ్రిస్కోలో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ కలిపితే 380 కాస్తా 411 అవుతుంది. నెలకు 30 చొప్పున కడితే ఏడాది చివర 51 డాలర్లు మిగులుతాయి. అప్పుడు వడ్డీ ఆ 51 మీద కాదు, కొన్న రోజు నుంచీ వేస్తారు. 30 శాతం రేటైతే దాదాపు 70 డాలర్లు ఒక్కసారిగా బిల్లులో పడతాయి. కాగితంలో 'గడువులోగా పూర్తిగా చెల్లిస్తే' అన్న మాట ఉంటే అది ఈ బాపతే అనుకోండి.

మీ 3,200 బాకీకి నెలకు 64 డాలర్ల వడ్డీ పోతోంది. నేను చెప్పిన క్లబ్ ధర మీ మూడు నెలల వడ్డీతో దాదాపు సమానం. నిజం చెప్పాలంటే మీ జేబుకు చిల్లు పెట్టేది క్లబ్ కాదు, గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడటానికి కట్టేది). 2022లో గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని మీ ఊరికే తెచ్చింది, ఇక గోల్ఫ్ మీద మనసు లాగకుండా ఎలా ఉంటుంది! శనివారానికి 70 డాలర్లనుకున్నా నెలకు 280. ఆరు నెలలపాటు నెలకు రెండు శనివారాలు కోర్సు మాని డ్రైవింగ్ రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే చోటుకి) వెళ్లండి. అలా మిగిలిన దాంట్లో మొదటి 200 క్లబ్‌కి, తర్వాతదంతా కార్డు బాకీకి. అప్పులో ఉన్నవాళ్లకు సరదాలు పూర్తిగా మానమని చెబితే రెండో నెలకే ప్లాన్ అటకెక్కుతుంది, అందుకే క్లబ్‌ని ముందు పెట్టాను.

వాడినది కొనేటప్పుడు సీరియల్ నంబరు కంపెనీతో సరిచూసుకోండి, నకిలీలు బాగా తిరుగుతున్నాయి. స్లీవ్ స్క్రూ బిగించే టార్క్ రెంచ్ ఇస్తారో లేదో అడగండి. లేకపోతే అది విడిగా కొనాలి, ఆ డబ్బు బేరంలో తగ్గించమనండి.