ఒంటరిగా పెరిగిన ఎలుక తోడు తెస్తే ఎందుకు కొరుకుతోంది?

మీ ప్రశ్న ఇదీ: నాలుగు వారాల పిల్లగా తెచ్చుకున్న మగ తెల్ల ఎలుక ఇంట్లో ఒంటరిగానే పెరిగింది, మీకు బాగా మచ్చిక. ఆరు నెలల వయసులో తోడుగా ఇంకో మగదాన్ని తెస్తే రక్తం వచ్చేలా కొరికింది. పెంపకంలో తప్పు జరిగిందా అని అడిగారు.

తప్పు అననుగానీ, సాటి ఎలుకలతో ఎలా మెలగాలో నేర్చుకునే వయసు దానికి ఒంటరిగా గడిచిపోయింది.

నేను బెంగళూరులో ఒక ల్యాబ్ యానిమల్ హౌస్‌లో మూడేళ్లు పనిచేశాను. (ఎంత రుద్దినా ఆ వాసన పోదు. సాయంత్రం యెలహంక బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.) 21 రోజులకి పాలు మాన్పించి, పిల్లల్ని కేజ్‌కి నాలుగు చొప్పున వేసేవాళ్లం. ఒకసారి మగవి తొమ్మిది మిగిలాయి. నాలుగూ నాలుగూ పోగా ఒకటి. కార్డు మీద పెన్సిల్‌తో 'తర్వాత కలపాలి' అని రాసి పై అరలో పెట్టాను. మధ్యలో దసరాకి హిందూపురం వెళ్లడం, వచ్చాక వేరే గదిలో డ్యూటీ. మళ్లీ ఆ కార్డు నా కంటపడేసరికి ఐదు వారాలు. పూర్తిగా నా నిర్లక్ష్యమే.

వాణ్ణి తీసుకెళ్లి తన ఈడు మగవి రెండున్న కేజ్‌లో వదిలాను. ఒకటి వచ్చి మెడ వెనక ముక్కుతో పొడిచింది. ఎలుకల్లో అది ఆటకి పిలవడం. ఆటలో గురి ఎప్పుడూ మెడ వెనకే, నిజం కొట్లాటైతే నడుము మీదా వెనక భాగం మీదా. గుంపులో పెరిగిన పిల్లయితే గిరుక్కున తిరిగి వెల్లకిలా పడి కాళ్లతో తంతుంది, మరుక్షణం తనే పైకెక్కుతుంది. మనవాడు ఎగిరి మూలకి పోయాడు. అది మళ్లీ వస్తే కసుక్కున కరిచాడు. రెండోది బలంగా ఉండేది, వాణ్ణి కింద పడేసి అదిమింది. అప్పుడైనా కదలకుండా పడుంటే వదిలేసేదేమో. ఓడిపోయానని చెప్పడం కూడా వాడికి రాదు. గింజుకుంటూనే ఉన్నాడు, కాట్లు పడుతూనే ఉన్నాయి. తువ్వాలు వేసి విడదీశాను.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నేనొక్కణ్ణే చూసింది కాదని. ఎలుక పిల్లల కుస్తీలు 30 నుంచి 40 రోజుల వయసులో బాగా ఎక్కువగా ఉంటాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 1999లో సరిగ్గా నాలుగు, ఐదు వారాల వయసులో మాత్రం పిల్లల్ని విడిగా ఉంచి, తర్వాత గుంపులో కలిపి పెంచారు. అయినా పెద్దయ్యాక ఆ ఎలుకలు ఇతరులతో తక్కువ కలిశాయి, బలమైనదాని ముందు తగ్గి ఉండటం వాటికి చేతకాలేదు. 2012లో చిట్టెలుకల మీద వచ్చిన పరిశోధన ఇంకో మెట్టు లోపలికి వెళ్లింది. 21వ రోజు నుంచి రెండు వారాలు ఒంటరిగా ఉంచితే మెదడు ముందు భాగంలో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర పలచగా తయారైంది, తర్వాత గుంపులో కలిపినా కోలుకోలేదు. అదే ఒంటరితనం 35వ రోజు తర్వాత మొదలైతే ఆ తేడా లేదు.

రోజుకి ఒక్క గంట తోటి పిల్లతో ఆడనిచ్చినా చాలావరకు నష్టం తప్పుతుందని 1970ల్లోనే తేల్చారు. అది చదివినప్పుడు ఆ పెన్సిల్ కార్డే గుర్తొచ్చింది.

అయితే పెద్దయ్యాక ఏమీ మారదనుకోకండి. షికాగోలో 2014లో వచ్చిన ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. తెల్ల ఎలుకలు గొట్టంలో ఇరుక్కున్న ఇంకో తెల్ల ఎలుకకి, ముక్కూ మొహం తెలియనిదైనా సరే, తలుపు తీస్తాయి. తల నల్లగా ఉండే జాతికి తీయవు. పుట్టగానే నల్లతల తల్లి దగ్గర పెరిగిన తెల్లవైతే నల్లతలవాటికి తీశాయి, తమ జాతికే తీయలేదు! (మా అక్క కొడుకు ఇక్కడే పుట్టాడు. కోపమొస్తే కన్నడంలోనే తిడతాడు.) అసలు విషయం ఏమిటంటే, పెద్ద ఎలుకని రెండు వారాలు ఒక్క నల్లతల ఎలుకతో కలిపి ఉంచినా ఆ జాతి కొత్తవాటికీ తలుపు తీయడం మొదలుపెట్టింది.

మీ విషయంలో ఒకటి గమనించండి. గుంపులో పెరిగిన మగ ఎలుకలు కూడా ఆ వయసులో కొన్ని కరుస్తాయి, కాబట్టి మొత్తం ఒంటరితనం మీదకే నెట్టలేం. ఎలుకల్ని చూసే పశువైద్యుణ్ణి అడగండి, వృషణాలు తీసేస్తే కొన్నింట్లో ఆ దూకుడు తగ్గుతుంది.

ముందు గాయం పూర్తిగా మాననివ్వండి. రెండు కేజ్‌లు పక్కపక్కన, కాలికి కాలు అందనంత దూరంలో పెట్టి, రెండు రోజులకోసారి ఒకదాని ఊక కొంచెం రెండోదాంట్లో వేయండి. వాసన అలవాటయ్యాక రెండింటికీ కొత్తైన చోట, కడిగిన బాత్రూమ్‌లో, పది నిమిషాలు వదలండి. కీచుమంటే కంగారుపడకండి, ఆటలోనూ అరుస్తాయి. వీపు వంచి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని పక్కవాటుగా నెట్టుకుంటూ వస్తే మాత్రం వెంటనే తువ్వాలు వేయండి. చేయి పెట్టొద్దు. నా బొటనవేలికి ఇంకా మచ్చ ఉంది.